రిజిస్ట్రేషన్ మర్నాడు చేతిలో ఎంత మిగలాలి? తొలి ఇల్లు కొనేముందు వేసుకోవాల్సిన లెక్క

విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో తొలిసారి ఇల్లు కొనాలనుకునే కుటుంబం ముందుగా అడిగే ప్రశ్న, బ్యాంకు ఎంత లోను ఇస్తుందని. దానికి జవాబు అరగంటలో దొరుకుతుంది. జీతం స్లిప్పు చూసి, ఇప్పటికే కడుతున్న కిస్తులు తీసేసి బ్యాంకు ఒక అంకె చెబుతుంది. ఆ అంకె బ్యాంకు తన డబ్బు వెనక్కి రావడానికి వేసుకున్న లెక్క. కుటుంబం తన కోసం వేసుకోవాల్సిన లెక్క వేరే ఉంది. రిజిస్ట్రేషన్ అయిన మర్నాడు చేతిలో ఎంత మిగులుతుంది? అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ వస్తే ఎంత ధర ఇల్లు కొనాలో, ఎప్పుడు కొనాలో రెండూ తేలుతాయి.

రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షల వరకు గృహరుణానికి ఆస్తి విలువలో 90 శాతం, 30 నుంచి 75 లక్షల వరకు 80 శాతం, ఆపైన 75 శాతం మించి బ్యాంకులు ఇవ్వకూడదు. ఇది విని, పది శాతం చేతిలో ఉంటే చాలనుకుంటారు. స్టాంపు సుంకం, రిజిస్ట్రేషన్ ఖర్చు ఆ విలువలో కలవవు. పది లక్షల లోపు ఇళ్లకు మాత్రమే ఆ మినహాయింపు ఉంది. మన రాష్ట్రంలో స్టాంపు సుంకం 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం, మొత్తం 7.5 శాతం. ఇదంతా సొంత డబ్బే.

30 లక్షల ఫ్లాటును ఉదాహరణగా తీసుకుందాం. కొనేది నెలకు 60,000 చేతికొచ్చే కుటుంబం. ఇప్పుడు 8,000 అద్దె కడుతోంది, మిగతా ఇంటి ఖర్చు 28,000. బ్యాంకు 27 లక్షలిస్తానన్నా 24 లక్షలే తీసుకుందనుకుందాం. సొంత వాటా 6 లక్షలు. రిజిస్ట్రేషన్‌కు 2.25 లక్షలు. ప్రాసెసింగ్ ఫీజు, లాయరు అభిప్రాయం, ఇంజినీరు విలువ కట్టడం, దస్తావేజులు బ్యాంకులో పెట్టినందుకు కట్టే సుంకం కలిపి 40 వేలు పక్కన పెట్టాలి. బీరువాలు, వంటింటి చెక్కపని, గ్రిల్స్, ఫ్యాన్లు, సామాను తరలింపు ఎంత పొదుపుగా చేసినా 2 లక్షలు. గృహప్రవేశానికి పురోహితుడి సంభావన నుంచి ఆడపడుచుల బట్టల వరకు, భోజనాలతో కలిపి లక్ష. మొత్తం 11.65 లక్షలు అయింది.

ఇక్కడితో ఆగిపోయేవాళ్లే ఎక్కువ. దీనిపైన ఆరు నెలల ఖర్చు ముట్టుకోకుండా ఉండాలి. 24 లక్షలకు 8.5 శాతం వడ్డీతో ఇరవై ఏళ్లకు ఈఎంఐ 20,828. ఇంటి ఖర్చు 28,000, అపార్ట్‌మెంటు మెయింటెనెన్స్ 1,500 కలిపితే నెలకు 50 వేల పైచిలుకు, ఆరు నెలలకు 3 లక్షలు. అంటే 30 లక్షల ఇంటికి ఈ కుటుంబం దగ్గర దాదాపు 14.65 లక్షలు సిద్ధంగా ఉండాలి. ధరలో ఇంచుమించు సగం. ఇది భయపెట్టే అంకెలాగే కనిపిస్తుంది గాని, పది శాతంతో దిగినవాళ్లు మిగతాది నూటికి రెండు మూడు రూపాయల వడ్డీకి ప్రోనోటు మీద తెచ్చుకుంటున్నారన్న నిజం అంతకన్నా భయపెట్టాలి.

నిర్మాణంలో ఉన్న ఫ్లాటైతే జీఎస్టీ కూడా కలపాలి. 45 లక్షల లోపు ధర, మన పట్టణాల్లో 90 చదరపు మీటర్ల లోపు కార్పెట్ విస్తీర్ణం (గోడల లోపల వాడుకునే జాగా) ఉంటే 1 శాతం, లేకుంటే 5 శాతం. పూర్తయి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (నివాసానికి అనుమతి పత్రం) వచ్చిన ఇంటికి జీఎస్టీ లేదు.

తెల్ల లెక్క, నల్ల లెక్క

కొనుగోలు బేరంలో వినిపించే మాట ఒకటుంది. 'ప్రభుత్వ విలువకు రాయించుకుందాం, మిగతాది చేతికివ్వండి, మీకు రిజిస్ట్రేషన్ కలిసొస్తుంది' అంటారు. పైన చెప్పిన 30 లక్షల ఫ్లాటును 18 లక్షలకు రాయిస్తే ఏమవుతుందో చూడండి. మిగిలేది 12 లక్షల మీద 7.5 శాతం, అంటే 90 వేలు. బ్యాంకు మాత్రం దస్తావేజులో ఉన్న విలువనే పట్టుకుంటుంది. 18 లక్షల్లో 90 శాతం ఇచ్చినా 16.2 లక్షలే. 24 లక్షల రుణం కాస్తా 7.8 లక్షలు తగ్గింది. 90 వేలు మిగుల్చుకోబోయి ఆ 7.8 లక్షలను ఎక్కడినుంచో నగదుగా తేవాల్సి వస్తుంది. తెచ్చేది ఎక్కువగా ప్రైవేటు వడ్డీకే. రేపు అమ్మినప్పుడు కొన్న ధర 18 లక్షలుగానే లెక్క కాబట్టి, లేని లాభం మీద పన్ను పడుతుంది. పైగా స్థిరాస్తి బేరంలో 20,000 రూపాయలు, అంతకుమించి నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపన్ను చట్టం ఒప్పుకోదు. తీసుకున్నవాళ్ల మీద అంత మొత్తమూ జరిమానా పడే వీలుంది. బేరం చెడి ఇచ్చిన డబ్బు వెనక్కి అడగాల్సి వస్తే నగదుకు సాక్ష్యం ఉండదు. తొలి ఇల్లు కొనేవాళ్లకు ఈ పద్ధతి ఏ విధంగానూ లాభం కాదు. పూర్తి ధరకు రాయించే అమ్మకందారు దొరికేదాకా ఆగడమే మేలు.

ముందు తీర్చాల్సిన అప్పు

పొదుపు మొదలెట్టేముందు తీర్చాల్సింది చిన్న అప్పులు. మూడు లక్షలు రెండు రూపాయల వడ్డీకి ఉంటే నెలకు వడ్డీ ఒక్కటే 6,000. అసలులో పైసా తగ్గదు. అదే ఆరువేలు 8.5 శాతం గృహరుణంలో ఇరవై ఏళ్లకు 6.9 లక్షల అప్పును వడ్డీతో సహా తీర్చేస్తుంది. ఏడాదికి 24 శాతం వడ్డీ కడుతూ పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌లో 6.7 శాతానికి దాచుకోవడంలో అర్థం లేదు. అలా దాచినవాటిలో ఆరు నెలల ఖర్చు మినహా మిగతాది తీసి ఆ అప్పు మీద కట్టేయడం మంచిది. బంగారం మీద అప్పు కూడా ఇంతే. ఏడాది చివర వడ్డీ కట్టి తిరగరాయించుకుంటూ పోతే నగ బ్యాంకులో, వడ్డీ మన నెత్తిన ఉంటాయి. డౌన్ పేమెంట్ కోసం నగలు కుదువ పెడితే ఈఎంఐతో పాటు రెండో భారం మొదలవుతుంది. నగ అమ్మడానికి మనసొప్పకపోతే ఆ నగను లెక్కలోంచి తీసేసి ధర తక్కువ ఇల్లు చూసుకోవాలి.

జామీను సంతకాల సంగతి ఇంతకన్నా తక్కువ మంది పట్టించుకుంటారు. ఉపాధ్యాయులు, కార్యాలయ ఉద్యోగులు తోటివారి చీటీకి, లోనుకు షూరిటీగా సంతకం పెట్టడం మన ఊళ్లలో మర్యాదగా నడిచిపోతోంది. ఆ రుణం జామీనుదారు క్రెడిట్ నివేదికలోనూ (అప్పులు, వాటి చెల్లింపుల చరిత్ర) కనిపిస్తుంది. అవతలి మనిషి కిస్తు ఎగ్గొడితే ఇవతలివాళ్ల స్కోరు పడుతుంది. లోను ఫైలు నడుస్తున్నప్పుడు ఈ సంగతి బయటపడితే చేసేదేమీ ఉండదు. అందుకే కొనాలనుకున్న తేదీకి కనీసం ఏడాది ముందే నివేదిక తెప్పించుకోవాలి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, సీఆర్‌ఐఎఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలూ ఏడాదికొకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. తీరిపోయిన లోను ఇంకా బాకీగానే కనబడటం, ఇంటిపేరు తప్పు పడి మరొకరి అప్పు మన ఖాతాలో చేరడం, బాకీ పూర్తిగా కట్టకుండా తక్కువకు తెంచుకున్నారని 'సెటిల్డ్' ముద్రపడటం తరచూ కనబడే దోషాలు. ఫిర్యాదు చేశాక 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకు వంద రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నిబంధన ఉంది. సెటిల్డ్ ముద్ర మాత్రం ఫిర్యాదుతో పోదు. మిగిలిన బాకీ కట్టి, నో డ్యూ పత్రం తీసుకుని, నెలల తరబడి సరైన చెల్లింపులతో ఆ మచ్చను పాతబడనివ్వాలి.

వ్యాపారులకు ఇంకో అడుగు ముందుంది. పలాసలో జీడిపప్పు వ్యాపారికైనా, రాజాంలో బట్టల కొట్టుకైనా చేతిలో డబ్బు ఆడుతుండొచ్చు. బ్యాంకు చూసేది రిటర్నుల్లో చూపిన ఆదాయాన్నే. సాధారణంగా రెండు మూడేళ్ల రిటర్నులు అడుగుతారు కాబట్టి, ఇల్లు కొనాలన్న ఆలోచన వచ్చిన ఏడాది నుంచే ఉన్న ఆదాయాన్ని ఉన్నట్టు చూపాలి. కొనే ముందు ఏడాది ఒక్కసారిగా పెంచి చూపితే ప్రశ్నలు వస్తాయి. చెన్నై, హైదరాబాద్ వలస వెళ్లి జీతం చేతికి తీసుకునేవాళ్లు దాన్ని ఖాతాలో పడేలా చేసుకోవడమే మొదటి పని.

కట్టి చూసుకోవడం

ఈఎంఐ భరించగలమో లేదో తెలుసుకోవడానికి కాగితం మీద లెక్క కన్నా నమ్మకమైన మార్గం ఉంది. ఏడాదిపాటు ఈఎంఐ మొదలైపోయినట్టే బతకాలి. పై కుటుంబానికి ఈఎంఐ 20,828, అద్దె 8,000. తేడా 12,828, మెయింటెనెన్స్ 1,500 కలిపి నెలకు 14,328 జీతం పడిన మర్నాడే వేరే ఖాతాకు పోవాలి. ఏడాది పూర్తిగా ఎందుకంటే, మన ఖర్చులు నెలనెలా ఒకేలా రావు. జూన్‌లో బడి ఫీజులు, జనవరిలో సంక్రాంతికి ఇంటికొచ్చే అల్లుళ్లు, కూతుళ్లు, కొన్నేళ్లకొకసారి సొంతూళ్లో జరిగే అమ్మవారి పండగ. ఆ పండగకు బంధువులందరినీ పిలిచి రెండు మూడు రోజులు భోజనాలు పెట్టే ఇంటికి ఆ నెల జీతం చాలదు. ఈ పన్నెండు నెలల్లో రెండు మూడు సార్లు ఆ ఖాతాలోంచి వెనక్కి తీయాల్సి వచ్చిందంటే, ఆ ఈఎంఐ ఈ ఇంటికి ఎక్కువ. రుణం తగ్గించుకోవాలి, లేదా ఇంకొంత కాలం ఆగాలి.

ఈ కుటుంబం నిజానికి 24,000 దాచగలదు. వడ్డీ ఆరున్నర శాతం చుట్టూ ఉంటే 14.65 లక్షలకు దాదాపు నాలుగున్నరేళ్లు పడుతుంది. పీఎఫ్‌లో ఉన్న డబ్బు ఇంటి కోసం తీసుకోవచ్చు, ఊళ్లో పొలం వాటా రావచ్చు. అలాంటివి ఉంటే కాలం తగ్గుతుంది. వచ్చేదాకా వాటిని లెక్కలో కలపకూడదు.

దాచే చోటు గురించి ఒక మాట. ఐదు లక్షల లోపు బ్యాంకు డిపాజిట్‌కు బీమా ఉంటుంది, ఒక్కో బ్యాంకులో ఒక్కో మనిషికి. అంతకు మించితే రెండు బ్యాంకుల్లో పెట్టుకోవాలి. రెండు మూడేళ్లలో కావాల్సిన డబ్బును షేర్లలో పెట్టకూడదు. ఇక చీటీ. నెలకు 10,000 చొప్పున 50 నెలల ఐదు లక్షల చీటీ వేసి, అవసరం పడిందని ఎనిమిదో నెలలోనే 30 శాతం తగ్గించి పాడితే చేతికొచ్చేది 3.5 లక్షలు. ఆ తర్వాత మరో 42 నెలలు చీటీ కడుతూనే ఉండాలి, ఈఎంఐ పక్కన. పైగా పాడిన సొమ్ము తీసుకోవడానికి జామీనుదార్లు కావాలి, ఆ వెతుకులాటలో రిజిస్ట్రేషన్ గడువు దాటిపోతుంది. చీటీతోనే ఇల్లు కొనాలంటే చివరి నెలల్లో తీసుకునేలా ముందే లెక్క పెట్టుకోవాలి, అదీ 1982 చిట్‌ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైన చీటీ అయితేనే. వీధిలో నమ్మకం మీద నడిచే చీటీ మునిగిపోతే చేతిలో మిగిలేది చిన్న పుస్తకం, అందులో సంతకాలు.

ఆరు నెలల డబ్బు ఎందుకు ముట్టకూడదు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను. మొదటిది విశాఖతో పాటు విజయనగరాన్ని కుదిపేసింది, రెండోది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. తోట పడిపోతే మళ్లీ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. తోట మీద, తోటను నమ్ముకున్న వ్యాపారం మీద బతికే కుటుంబానికి ఈఎంఐ తేదీ మాత్రం ఆగదు. ఉద్దానం పల్లెల్లో కిడ్నీ జబ్బు ఉన్న ఇళ్లకు ఇంకో లెక్క కావాలి. ప్రభుత్వ పథకం కింద డయాలసిస్ ఉచితంగా దొరికినా వారానికి రెండు మూడు రోజులు పోయేది రోగి కూలి, వెంట వెళ్లే మనిషి కూలి. అలాంటి ఇంట్లో ఆరు నెలలు చాలవు, ఏడాది ఖర్చు ఉండాలి.

ఈ నిల్వతో పాటు రెండు బీమాలు అవసరం. సంపాదించే మనిషి పేరిట రుణానికి తగ్గకుండా టర్మ్ పాలసీ (గడువులోపు మనిషి చనిపోతేనే డబ్బిచ్చే జీవిత బీమా). దాన్ని లోనుతో పాటే బ్యాంకులో తీసుకోవాల్సిన పని లేదు, ప్రీమియాన్ని లోనులో కలిపితే ఇరవై ఏళ్లు దాని మీదా వడ్డీ కడతారు. రెండోది ఇంటికి. భారత్ గృహ రక్ష పాలసీ అగ్ని ప్రమాదంతో పాటు తుపాను, వరద, భూకంపాలకూ వర్తిస్తుంది. బీమా మొత్తం ఇల్లు మళ్లీ కట్టడానికయ్యే ఖర్చుకే, స్థలం ధరకు కాదు. అందుకే ప్రీమియం తక్కువే ఉంటుంది.

వడ్డీ పెరిగే ప్రమాదం కూడా ఈ నిల్వ మీదే పడుతుంది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో రేటు (బ్యాంకులకు రిజర్వ్ బ్యాంకు అప్పిచ్చే వడ్డీ) 4 శాతం నుంచి 6.5 శాతానికి వెళ్లింది. మన 24 లక్షల రుణం మొదట్లోనే 8.5 నుంచి 9.5 శాతానికి మారితే ఈఎంఐ 22,371 అవుతుంది. ఈఎంఐ మార్చకుండా వదిలేస్తే 240 నెలల రుణం 308 నెలలు దాటుతుంది. ఐదున్నరేళ్లకు పైగా అదనం. అప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా, కాలం పెంచుకోవాలా అన్నది అడిగి ఎంచుకునే హక్కు రుణగ్రహీతకు ఉంది. భరించగలిగితే ఈఎంఐ పెంచుకోవడమే చవక. ఫ్లోటింగ్ (మారుతూ ఉండే) వడ్డీ గృహరుణాన్ని ముందుగా కట్టేసినా జరిమానా ఉండదు.

పట్టణాల్లో కొనేవాళ్లకు ప్రధానమంత్రి ఆవాస్ యోజన రెండో దశలో వడ్డీ రాయితీ ఉంది. ఏడాదికి 9 లక్షల లోపు ఆదాయం, దేశంలో ఎక్కడా సొంత పక్కా ఇల్లు లేకపోవడం, 35 లక్షల లోపు ఇల్లు, 25 లక్షల లోపు రుణం ప్రధాన షరతులు. గరిష్ఠంగా 1.80 లక్షలు, ఐదు వార్షిక కిస్తుల్లో రుణ ఖాతాకే జమవుతుంది. కాబట్టి డౌన్ పేమెంట్‌కు అక్కరకు రాదు.

'అప్పటికి ధర పెరిగిపోదా?'

ఆగమన్నప్పుడు వచ్చే అభ్యంతరం ఇది, తీసిపారేయదగ్గది కాదు. భోగాపురం విమానాశ్రయం పేరు వినబడ్డప్పటి నుంచి జాతీయ రహదారి పొడవునా రణస్థలం, పైడిభీమవరం దాకా వెంచర్ల బోర్డులు లేచాయి. ఏటా 5 శాతం పెరిగితే 30 లక్షల ఇల్లు నాలుగున్నరేళ్లలో 37.4 లక్షలవుతుంది. కాని రెండో వైపు కూడా చూడాలి. 24 లక్షల రుణంలో మొదటి ఏడాది కట్టే 2.5 లక్షల్లో వడ్డీయే సుమారు 2.02 లక్షలు, అసలు తగ్గేది 48 వేలు. ఇప్పుడున్న ఇంట్లోనే అద్దెకుంటే ఏడాదికి 96 వేలు. అద్దె కట్టడం వృథా అనేవాళ్లు ఈ వడ్డీని లెక్కలో పెట్టరు. నాలుగున్నరేళ్లలో జీతం కూడా పెరుగుతుంది. ధర పెరుగుదల కన్నా జీతం, పొదుపు బాగా వెనకబడుతున్నాయని తేలితే ఇంకా ఆగడం కన్నా చిన్న ఇల్లు, లేదా పట్టణం అంచున ఉన్న ఇల్లు చూసుకోవడం సరైన సర్దుబాటు. ఆరు నెలల నిల్వను కరిగించి పెద్ద ఇంట్లో దిగడం సర్దుబాటు కాదు.

ఇల్లు కాకుండా ముందు స్థలం కొందామనుకునేవాళ్లకు లెక్క మారుతుంది. స్థలానికి రుణ వాటా తక్కువ, కట్టడం మొదలుపెట్టే గడువు ఉంటుంది, అద్దె ఆదా కాదు. అనుమతి లేని లేఅవుట్‌కు బ్యాంకు రుణం రాదు. 500 చదరపు మీటర్లు దాటిన వెంచరు రెరాలో (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదై ఉండాలి, రిజిస్టర్ చేసిన అమ్మకపు ఒప్పందం లేకుండా పది శాతం మించి వసూలు చేయకూడదు. నెలవారీ కిస్తుల వెంచర్లలో చివరి కిస్తు దాకా రశీదులే చేతికిచ్చి రిజిస్ట్రేషన్ ఆపడం ఈ నిబంధనకు విరుద్ధం.

బయానా ఇచ్చేముందు

డబ్బు సిద్ధమయ్యాక తొందరలో చేజారేది బయానా దగ్గరే. ముందు బ్యాంకు దగ్గర సూత్రప్రాయ మంజూరు తీసుకోవాలి. ఆ తర్వాత ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం), లింకు దస్తావేజులు (ఆస్తి చేతులు మారిన పాత పత్రాలు) లాయరుకు చూపించాలి. ఆన్‌లైన్ ఈసీలో 1983 తర్వాతి లావాదేవీలే కనిపిస్తాయి, అంతకుముందువి సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో తీయించాలి. జమీందారీలు, ఇనాములు నడిచిన ప్రాంతం కాబట్టి సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్టర్ చేయకూడని భూములు) ఉందో లేదో తప్పక చూడాలి. డి-పట్టా (ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి), దేవస్థానం, ట్రస్టు, చెరువు భూములు అక్కడే పట్టుబడతాయి. పార్వతీపురం మన్యం ఏజెన్సీ గ్రామాల్లో 1/70 (గిరిజన ప్రాంత భూ బదిలీ) నిబంధన ప్రకారం గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదు.

బయానా ధరలో ఐదు శాతం మించనక్కర్లేదు. చెక్కుగానో ఖాతా బదిలీగానో ఇచ్చి ఆ నంబరు ఒప్పందంలో రాయించాలి. గడువు 90 రోజులకు తగ్గకూడదు. లాయరు అభిప్రాయం వ్యతిరేకంగా వచ్చినా, ఆస్తి కాగితాల్లో లోపం వల్ల బ్యాంకు రుణం నిరాకరించినా బయానా ఇన్ని రోజుల్లో తిరిగివ్వాలని స్పష్టంగా ఉండాలి. ఈ వాక్యం లేకే గడువు చివరి వారంలో మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి రిజిస్ట్రేషన్ చేయించుకుంటారు. అమ్మేది తండ్రి నుంచి వచ్చిన ఆస్తయితే అన్నదమ్ముల సంతకాలతో సరిపెట్టుకోకూడదు. పెళ్లయి వెళ్లిన అక్కచెల్లెళ్లకూ వాటా ఉంటుంది కాబట్టి, వాళ్ల పేర్లు కుటుంబ సభ్యుల ధ్రువపత్రంతో సరిచూసి, వాళ్ల సంతకాలు కూడా బయానా ఒప్పందం మీదే తీసుకోవాలి.